జనాభా మార్పు, వ్యాపారం మీద రిపోర్టు రాస్తున్నారా? సరైన మాట ఎంచుకునే పద్ధతి

"భాష బాగోలేదు, మళ్లీ రాసుకురా" అని గైడ్ అన్నారట. ఎక్కడ బాగోలేదో మాత్రం చెప్పలేదట. తిరుపతిలో డిగ్రీ, పీజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు దిద్దే నాకు ఈ గోడు ప్రతి సెమిస్టర్‌లోనూ వినబడుతుంది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసేవాళ్లు, ఎం.కాం., ఎకనామిక్స్ డిజర్టేషన్ రాసేవాళ్లు, గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయబోయేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: అకడమిక్‌గా రాయాలంటే ఏ మాటలు వాడాలి?

ఎక్కువమంది బరువైన పదాల కోసం నిఘంటువులు వెతుకుతారు. 'జనాభా పెరిగింది' అంటే సరిపోయే చోట 'జనసంఖ్యాభివృద్ధి సంభవించినది' అని రాస్తారు. మార్కులు పోయేది అక్కడే. ఒక మాట దేన్ని లెక్కలోకి తీసుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో తేల్చి చెప్పగలిగితే చాలు, అది అకడమిక్ మాటే.

కింది క్రమంలోనే చేయండి. నేరుగా ఆరో మెట్టుకు వెళ్లి విశేషణాలు దిద్దుకుంటూ కూర్చుంటే మళ్లీ మొదటికి రావాల్సి ఉంటుంది.

1. రాయడానికి ముందు: నాలుగు ప్రశ్నలు

ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగింటికీ జవాబులు రాసుకోండి.

- ఎవరిని లెక్కపెడుతున్నాను? మనుషులనా, కుటుంబాలనా, దుకాణాలనా?
- ఏ హద్దుల్లో? నగరమా, మండలమా, జిల్లానా?
- ఏ కాలానికి?
- ఈ అంకె ఎవరిది? జనగణనదా, నా సర్వేదా, వ్యాపారి నోటిమాటా?

రెండో ప్రశ్న మన ప్రాంతంవాళ్లను బాగా ఇబ్బంది పెడుతుంది. 2011 జనగణనలో చిత్తూరు జిల్లా జనాభా 41,74,064. అది పాత జిల్లా లెక్క. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది, మదనపల్లె వైపు ప్రాంతం అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి 'చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు' అంటే తప్పు. '2011లో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు' అంటే ఒప్పు. ఆ 'ఉమ్మడి' అన్న మాట లేనందుకు ఒక అమ్మాయి రెండు అధ్యాయాలు తిరగరాసింది. పాత జిల్లా జనాభాను కొత్త జిల్లా దుకాణాల సంఖ్యతో భాగించేసింది మరి.

మూడో ప్రశ్న కూడా తేలిక కాదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. తర్వాతి గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు, మంచు ప్రాంతాలకు మాత్రం తేదీ వేరు. అందువల్ల 2011 అంకె పక్కన 'ప్రస్తుత జనాభా' అని రాయకండి. ఇక్కడ మూడు మాటలు విడివిడిగా వాడాలి:

- గణన: ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినది.
- అంచనా: గణన తర్వాత జననాలు, మరణాలు, వలసల్ని బట్టి కట్టిన లెక్క.
- భవిష్యత్ అంచనా: పాత ధోరణి ఇలాగే సాగుతుందనుకుని ముందుకు గీసిన గీత.

2. సొంత పదాల పట్టిక తయారు చేసుకోవడం

నోటుబుక్కులో నాలుగు నిలువు గళ్లు గీయండి: మాట, దాని అర్థం ఒక్క వాక్యంలో, యూనిట్, ఆ అర్థం ఎక్కడ నుంచి తీసుకున్నాను. పదిహేను, ఇరవై మాటలు చాలు. జనాభా మాటలకు జనగణన నిర్వచనాలు, వ్యాపార మాటలకు తెలుగు అకాడమీ కామర్స్ పుస్తకాలు, పరిశ్రమల స్థాయికి ప్రభుత్వ నోటిఫికేషన్లు చూసుకోండి.

నియమం ఒకటే. ఒక భావానికి ఒకే మాట, రిపోర్టు చివరిదాకా అదే మాట.

స్కూల్లో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట పదేపదే రాయొద్దని నేర్పారు. రిపోర్టులో ఆ అలవాటు చేటు. మొదటి పేజీలో 'వినియోగదారులు', మూడో పేజీలో 'కొనుగోలుదారులు', ఐదో పేజీలో 'కస్టమర్లు' అంటే, వీళ్లు ముగ్గురూ వేర్వేరేమో అని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. నిజానికి మొదటి ఇద్దరూ వేరే కూడా. పాలపొడి కొనేది తల్లి, తాగేది బిడ్డ.

3. జనాభా మాటలు: ఎక్కువ తప్పులు ఇక్కడే

*జనాభా.* ఈ మాటలోనే సంఖ్య ఉంది. 'జనాభా సంఖ్య' అనక్కర్లేదు. 'జనాభా చాలా మంది ఉన్నారు' అనడం మాటల్లో చెల్లుతుంది, రాతలో చెల్లదు. 'జనాభా ఎక్కువ', 'జనాభాలో 30 శాతం మంది' అని రాయండి.

*వృద్ధి, అభివృద్ధి.* పరిమాణం పెరిగితే వృద్ధి. జీవన ప్రమాణం, చదువు, ఆరోగ్యం మెరుగుపడితే అభివృద్ధి. 'జనాభా అభివృద్ధి చెందింది' అన్న వాక్యం ఏటా ఒక్క రిపోర్టులోనైనా కనబడుతుంది. పుట్టేవాళ్లు, వచ్చేవాళ్లు ఎక్కువైతే అది జనాభా వృద్ధి లేదా పెరుగుదల మాత్రమే. వ్యాపారానికీ ఇంతే. అమ్మకాలు పెరిగితే వృద్ధి. దుకాణంలో పనిచేసేవాళ్లకు స్థిరమైన జీతం, పీఎఫ్ వచ్చాయంటే ఆ మార్పు చెప్పడానికి వేరే మాట కావాలి.

*వలస.* తిరుపతి గురించి రాసేవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా వాడాల్సిన మాట ఇది. బస్టాండు దగ్గర నిలబడి చూస్తే ఊరంతా వచ్చినవాళ్లే కనిపిస్తారు. కానీ అందులో కనీసం నాలుగు రకాలున్నారు.

- దర్శనానికి వచ్చి ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోయే యాత్రికులు. వీళ్లు వలసదారులు కారు, నగర జనాభా లెక్కలోకీ రారు. కానీ హోటళ్ల అమ్మకాల్లో మాత్రం ఉంటారు.
- రేణిగుంట, చంద్రగిరి, పాకాల నుంచి రోజూ పనికి వచ్చి సాయంత్రం ఇంటికి పోయేవాళ్లు. వీళ్లను 'రోజువారీ రాకపోకలు చేసేవారు' అనండి.
- కాలేజీల కోసం వచ్చి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు.
- ఉద్యోగం, వ్యాపారం, పెళ్లి కారణంగా వచ్చి స్థిరపడినవాళ్లు.

జనగణన వలసను రెండు రకాలుగా లెక్కిస్తుంది: పుట్టిన ఊరును బట్టి, ఇంతకుముందు నివసించిన ఊరును బట్టి. మీరు ఏది తీసుకున్నారో రాయాలి. పుత్తూరులో పుట్టి, పెళ్లయి తిరుపతికి వచ్చిన ఆవిడ కూడా ఈ లెక్కలో వలస వచ్చినట్టే. 2011 లెక్కల్లో మహిళల వలసకు ఎక్కువగా చెప్పిన కారణం పెళ్లే. అందువల్ల 'వలసదారులు' అన్న అంకె చూపించి 'ఉపాధి కోసం వచ్చినవారు' అని రాస్తే సగం మందిని అత్తారింటి నుంచి ఫ్యాక్టరీకి పంపినట్టే. ఉపాధి గురించే రాయదలచుకుంటే 'ఉపాధి వలస' అని విడిగా చెప్పండి.

*పట్టణం.* జనగణనకు పట్టణం రెండు రకాలు. మున్సిపాలిటీ, కార్పొరేషన్ లాంటి పాలనా హోదా ఉన్నవి ఒకటి. రెండోది సెన్సస్ టౌన్: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, ప్రధాన శ్రామికులైన (ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేసే) పురుషుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఇలాంటి ఊరిలో పాలన పంచాయతీదే అయినా, లెక్కల్లో అది పట్టణమే. 'పట్టణీకరణ' అన్న మాట వాడే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి. కొత్త అపార్ట్‌మెంట్లు లేచినంత మాత్రాన పట్టణీకరణ కాదు. మొత్తం జనాభాలో పట్టణ జనాభా వాటా పెరగడాన్నే అలా అంటారు.

*మార్జినల్.* ఇంగ్లీషు పుస్తకంలో ఈ ఒక్క మాటా కనిపించిన ప్రతిచోటా 'ఉపాంత' అని రాసేసేవాళ్లున్నారు. తెలుగులో దానికి నాలుగు దారులున్నాయి.

- ఏడాదిలో ఆరు నెలల కన్నా తక్కువ పని దొరికినవాళ్లు: ఉపాంత శ్రామికులు. ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తే ప్రధాన శ్రామికులు.
- ఒక హెక్టారు లోపు భూమి ఉన్నవాళ్లు: సన్నకారు రైతులు. ఒకటి నుంచి రెండు హెక్టార్ల దాకా ఉంటే చిన్నకారు రైతులు.
- ఇంకొక్క వస్తువు తయారు చేస్తే అదనంగా పడే ఖర్చు: ఉపాంత వ్యయం.
- సరుకు మీద వ్యాపారికి మిగిలేది: మార్జిన్. దీన్ని అలాగే ఉంచండి, తర్జుమా చేయబోతే పాడవుతుంది.

*లింగ నిష్పత్తి.* మన దేశంలో వెయ్యి మంది పురుషులకు ఎంతమంది స్త్రీలు అని చెబుతారు. 2011లో దేశం మొత్తానికి 943, ఉమ్మడి చిత్తూరు జిల్లాకు 997. అంతర్జాతీయ నివేదికల్లో తరచుగా వంద మంది స్త్రీలకు ఎంతమంది పురుషులు అని ఉంటుంది. రెండిటినీ ఒకే పట్టికలో పెడితే పట్టిక తలకిందులవుతుంది.

*అక్షరాస్యత.* ఏడేళ్లు నిండినవాళ్లలోనే లెక్కిస్తారు. 'మొత్తం జనాభాలో అక్షరాస్యులు' అని రాయకండి.

*సంతానోత్పత్తి రేటు.* ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, దేశంలో 2.0. ఒక తరం స్థానంలోకి అంతే మంది రావడానికి సుమారు 2.1 కావాలి, దాన్ని భర్తీ స్థాయి అంటారు. ఇది చదివిన వెంటనే 'రాష్ట్ర జనాభా తగ్గుతోంది' అని రాస్తారు. ఆగండి. పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉన్నంతకాలం, భర్తీ స్థాయి కిందికి వచ్చాక కూడా జనాభా కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటుంది. 'సంతానోత్పత్తి భర్తీ స్థాయి కన్నా తక్కువగా ఉంది' అన్నంతవరకే మీ దగ్గర ఆధారం ఉంది.

ఇక 'జనాభా విస్ఫోటనం', 'ముసలివాళ్ల భారం' లాంటి మాటలు వక్తృత్వ పోటీకి వదిలేయండి. '60 ఏళ్లు దాటినవారి వాటా పెరిగింది' అంటే సరిపోతుంది. 'పరాధీనత నిష్పత్తి' (పనిచేసే వయసువాళ్లతో పోలిస్తే వాళ్ల మీద ఆధారపడే పిల్లలు, వృద్ధులు ఎంతమంది అన్నది) వాడితే వయసు హద్దులు చెప్పండి. మన దగ్గర పనిచేసే వయసును ఎక్కువగా 15 నుంచి 59 అని, అంతర్జాతీయ లెక్కల్లో 15 నుంచి 64 అని తీసుకుంటారు.

4. వ్యాపార మాటలు

ముందు పెద్ద మాటలు సర్దుకుందాం. వ్యాపారం, వాణిజ్యం, వర్తకం, పరిశ్రమ అన్న నాలుగింటినీ కామర్స్ పుస్తకం వేరుగా చూస్తుంది. మన మామిడితోనే చెప్తాను. తోతాపురి కాయల నుంచి గుజ్జు తీసే ఫ్యాక్టరీ పరిశ్రమ. దామలచెరువు మండీలో కాయలు కొని అమ్మడం వర్తకం. ఆ వర్తకానికి తోడుపడే లారీ రవాణా, గిడ్డంగి, బ్యాంకు, బీమాలను వర్తకంతో కలిపి చూస్తే వాణిజ్యం. వీటన్నిటి మీదా వేసిన గొడుగు వ్యాపారం. మీ రిపోర్టు పేరులో 'వాణిజ్యం' అని పెట్టి లోపల కిరాణా దుకాణాల గురించే రాస్తే, వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

*ఆదాయం.* ఈ మాట నన్ను ఒకసారి నిండా ముంచింది. చదువుకునే రోజుల్లో చంద్రగిరి వైపు చిన్న దుకాణాల సర్వే చేశాను. ప్రశ్నపత్రంలో 'మీ నెల ఆదాయం ఎంత?' అని రాసుకున్నాను. ఒకాయన గల్లాపెట్టెలో పడిందంతా చెప్పాడు. పక్కాయన సరుకు డబ్బులు పోగా మిగిలింది చెప్పాడు. ఇంకో ఆవిడ అద్దె, కరెంటు బిల్లు, చిట్టీ కూడా కట్టేశాక ఇంటికి పట్టుకెళ్లేది చెప్పింది. అందరూ నిజమే చెప్పారు. నేనే మూడు రకాల అంకెలను కలిపి సగటు తీశాను. రిపోర్టు ఇవ్వాల్సిన వారంలో అది బయటపడింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకని 'ఆదాయం' అన్న మాటను ఒంటరిగా వదలకండి. ఇలా విడగొట్టండి:

- అమ్మకాలు లేదా టర్నోవర్: నెలలో అమ్మిన సరుకు మొత్తం విలువ, అరువుకు ఇచ్చింది కూడా కలిపి. ఉదాహరణకు 3,00,000 రూపాయలు అనుకుందాం.
- స్థూల లాభం: అందులోంచి ఆ సరుకు కొన్న ఖర్చు 2,40,000 తీసేస్తే మిగిలే 60,000.
- నికర లాభం: అద్దె, కరెంటు, జీతాలు, వడ్డీ కలిపి 35,000 తీసేస్తే మిగిలే 25,000.

చిట్టీ వాయిదా ఖర్చు కాదు, పొదుపు. నికర లాభం కట్టేటప్పుడు దాన్ని తీసేయకూడదు. యజమాని, ఇంట్లోవాళ్లు పడే శ్రమకు కూలి కట్టారో లేదో కూడా ఒక వాక్యంలో చెప్పండి. చాలా దుకాణాల్లో కట్టరు, అందుకే లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

'స్థూల' అన్న మాట జనాభా అధ్యాయంలోనూ వస్తుంది. స్థూల జనన రేటు అంటే వయసుతో పనిలేకుండా మొత్తం జనాభాలో ప్రతి వెయ్యి మందికీ ఏడాదిలో జరిగిన జననాలు. స్థూల లాభంలో 'స్థూల' అంటే ఇతర ఖర్చులు ఇంకా తీయనిది. రెండూ ఒకే రిపోర్టులో ఉంటే రెండు చోట్లా అర్థం రాయండి.

*చిన్న వ్యాపారం.* మాటల్లో చిన్న అంటే చిన్నదే. ప్రభుత్వ లెక్కలో 'చిన్న' అంటే చాలా పెద్దది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ హద్దు పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు. చిన్న సంస్థకు 25 కోట్లు, 100 కోట్లు. మధ్య తరహాకు 125 కోట్లు, 500 కోట్లు. మీ వీధి చివరి కిరాణా కొట్టు, గాంధీ రోడ్డులో ఓ మోస్తరు బట్టల దుకాణం, రెండూ ఈ లెక్కలో సూక్ష్మ సంస్థలే కావచ్చు. పెట్టుబడి అంటే ఇక్కడ యంత్రాలు, పరికరాల మీద పెట్టింది. అంతకుముందు 2020 నుంచి ఉన్న హద్దులు వేరు కనుక, పాత ఏళ్లతో పోల్చేటప్పుడు ఏ నిర్వచనం వాడారో చెప్పాలి. ఆ గొడవ వద్దనుకుంటే 'ఐదుగురు, అంతకన్నా తక్కువ మంది పనిచేసే దుకాణాలు' అని మీ హద్దు మీరే పెట్టుకోండి. అది పూర్తిగా అకడమిక్కే.

*డిమాండ్, గిరాకీ.* దుకాణదారు 'గిరాకీ లేదు' అంటే బేరాలు రావడం లేదని. ఎకనామిక్స్‌లో డిమాండ్ అంటే కోరికతోపాటు కొనే శక్తి, ఖర్చు పెట్టే సుముఖత ఉండాలి. జనాభా పెరిగిందని డిమాండ్ పెరిగిందని రాయలేం. వచ్చినవాళ్ల చేతిలో డబ్బుందా అన్నది వేరే ప్రశ్న. రిపోర్టులో డిమాండ్ అనండి, గిరాకీని దుకాణదారుల మాటల్లోనే ఉంచండి.

*వీధి వ్యాపారులు.* 2014 నాటి చట్టం ఉంది కనుక ఇది చట్టంలో అర్థం ఉన్న మాట. తోపుడుబండివాళ్లు, రోడ్డు పక్కన తట్ట పెట్టుకునేవాళ్లు ఇందులోకి వస్తారు. అద్దె గదిలో ఉన్న దుకాణం రాదు.

5. రేటు, నిష్పత్తి, వాటా, శాతం

- వాటా: మొత్తంలో భాగం. పట్టణ జనాభా వాటా.
- నిష్పత్తి: రెండు వేర్వేరు గుంపుల పోలిక. లింగ నిష్పత్తి.
- రేటు: కొంత కాలంలో జరిగే సంఘటన. జనన రేటు, దానికి 'వెయ్యికి, ఏడాదికి' అన్న తోక తప్పనిసరి.
- శాతం పాయింట్లు: రెండు శాతాల మధ్య తేడా.

దేశంలో పట్టణ జనాభా వాటా 2001లో 27.8 శాతం, 2011లో 31.1 శాతం. తేడా 3.3 శాతం పాయింట్లు. '3.3 శాతం పెరిగింది' అంటే తప్పు, ఆ వాటా తనంతట తాను పెరిగింది సుమారు 12 శాతం.

పదేళ్ల వృద్ధిని పదితో భాగించి 'ఏటా' అనకండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 2001లో 37,45,875. అక్కడి నుంచి 2011కు దశాబ్ద వృద్ధి 11.4 శాతం. ఏటా చక్రవృద్ధిగా చూస్తే సుమారు 1.09 శాతం. తేడా చిన్నదే, కానీ పెద్ద వృద్ధి రేట్ల దగ్గర, వ్యాపారం లెక్కల్లో అది పెద్దదవుతుంది.

6. పెరిగింది, తగ్గింది, మందగించింది

దేశ జనాభా 1991-2001 మధ్య సుమారు 18.2 కోట్లు పెరిగింది. 2001-2011 మధ్య కూడా సుమారు 18.2 కోట్లే. కానీ దశాబ్ద వృద్ధి రేటు 21.5 శాతం నుంచి 17.7 శాతానికి దిగింది. ఇప్పుడు ఏ క్రియ వాడాలి?

'జనాభా తగ్గింది' తప్పు. 'పెరుగుదల తగ్గింది' అంటే మనుషుల సంఖ్యా, రేటా అని అనుమానం. 'వృద్ధి రేటు తగ్గింది' సరి. 'జనాభా వృద్ధి మందగించింది' కూడా సరి, ఎందుకంటే మందగించడంలో ఇంకా ముందుకు నడుస్తోందన్న అర్థం ఉంది. 'తగ్గుముఖం పట్టింది' అన్నది అంకె నిజంగా దిగడం మొదలైనప్పుడే.

విశేషణాల సంగతి ఇంకో తలనొప్పి. 'గణనీయంగా', 'విపరీతంగా', 'అనూహ్యంగా', 'అమాంతం' మాటల్ని ఇష్టమొచ్చినట్టు చల్లుతారు. నా పద్ధతి ఇది: రిపోర్టు మొదట్లోనే సొంత కొలబద్ద పెట్టుకోవాలి. ఉదాహరణకు 5 శాతం లోపు 'స్వల్పంగా', 5 నుంచి 15 దాకా 'ఓ మోస్తరుగా', ఆపైన 'గణనీయంగా'. సిగ్నిఫికెన్స్ టెస్ట్ (కనిపించిన తేడా కాకతాళీయమా కాదా అని చూసే గణాంక పరీక్ష) చేసిన రిపోర్టు అయితే, టెస్ట్ తేల్చిన చోట తప్ప 'గణనీయంగా' వాడకండి. 'అనూహ్యంగా' వాడాలంటే ఊహించిన అంకె ఏదో ముందు చెప్పి ఉండాలి. 'విపరీతంగా', 'అమాంతం' కొట్టేయండి, నష్టం లేదు.

'రెండు రెట్లు పెరిగింది' అన్నదీ మానుకోండి. 100 కాస్తా 200 అయిందా, 300 అయిందా? 'రెట్టింపైంది' అంటే ఎవరికీ సందేహం ఉండదు.

7. 'వల్ల' దగ్గర చెయ్యి ఆపండి

జనాభా, వ్యాపారం కలిపి రాసేవాళ్ల చేతిలో తేలిగ్గా జారిపోయే మాట 'వల్ల'. ఊళ్లో జనం పెరిగారు, దుకాణాలూ పెరిగాయి. జనం వల్ల దుకాణాలు వచ్చాయా? శ్రీసిటీ లాంటి చోట ఫ్యాక్టరీలు వచ్చాక పనివాళ్లు వచ్చారు, అద్దె గదులు, మెస్సులు వెలిశాయి. ఏది ముందో మీ దగ్గరున్న అంకెలు చెప్పగలవా?

ఆధారం ఎంత ఉంటే అంత మాటే వాడండి.

- రెండూ ఒకే కాలంలో జరిగాయి: 'తోపాటు', 'అదే కాలంలో'
- అంకెలు కలిసి కదులుతున్నాయి: 'సహసంబంధం ఉంది'
- చాలా కారణాల్లో ఇదొకటి, అడిగినవాళ్లు చెప్పారు: 'దోహదపడిందని తెలిపారు'
- మిగతా కారణాలను పక్కనపెట్టి పరీక్షించాను: 'వల్ల', 'దారితీసింది'

డిగ్రీ ప్రాజెక్టులో నాలుగో గడిదాకా వెళ్లే అవసరం దాదాపు రాదు. 'నిరూపిస్తోంది' బదులు 'సూచిస్తోంది' చాలు.

8. తెలుగు మాటా, ఇంగ్లీషు మాటా?

పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన తెలుగు మాట ఉంటే అదే: జన సాంద్రత, పట్టణీకరణ, నికర లాభం, మూలధనం. దుకాణదారూ ప్రొఫెసరూ ఇద్దరూ ఇంగ్లీషు మాటే వాడుతుంటే ఇంగ్లీషు మాటే, తెలుగు లిపిలో: టర్నోవర్, జీఎస్టీ, ఫ్రాంచైజీ. మీరే కొత్త మాట పుట్టించకండి. ఒక అబ్బాయి ఆన్‌లైన్ డెలివరీకి పెట్టిన పేరు నాకు పలకడానికే నోరు తిరగలేదు.

ప్రాంతపు మాటల విషయంలో ఒక హెచ్చరిక. మనకు అంగడి అంటే కొట్టు. తెలంగాణలో చాలాచోట్ల అంగడి అంటే వారపు సంత. 'ఊళ్లో 12 అంగళ్లు ఉన్నాయి' అని చదివితే అక్కడివాళ్లు నోరెళ్లబెడతారు. రిపోర్టులో 'దుకాణం' వాడండి.

అంకెలు లక్షలు, కోట్లలోనే. మిలియన్లు వద్దు.

9. విన్న మాటను రిపోర్టులోకి తేవడం

ఒక దుకాణదారు ఇలా అన్నాడనుకోండి: "మా పిల్లోళ్లు ఇద్దురూ బెంగుళూరుకు పోయినారు సార్. అంగిట్లో కూచునేదానికి మనిషి లేడు. మామిడికాయల టయానికి తప్పితే యాపారమే లేదు."

చాలామంది దీన్ని ఇలా మారుస్తారు: 'విపరీతమైన పట్టణీకరణ వల్ల గ్రామీణ వాణిజ్యం పూర్తిగా క్షీణించినది.' ఆయన పట్టణీకరణ అనలేదు, వాణిజ్యం అనలేదు, పూర్తిగా అనీ అనలేదు.

మెట్లు ఇవీ:

- ఆయన మాట ఆయన యాసలోనే కోట్ చేయండి, దిద్దకండి.
- ఇలాంటి మాట ఇంకెంతమంది అన్నారో లెక్కపెట్టండి.
- పట్టికలోని మాటలతో వాక్యం కట్టండి.

40 దుకాణాల సర్వే అనుకుంటే ఇలా వస్తుంది: 'సర్వే చేసిన 40 దుకాణాల్లో 14 మంది యజమానులు, తమ కుటుంబంలో కనీసం ఒకరు ఉపాధి కోసం బెంగళూరు లేదా చెన్నైకి వలస వెళ్లినట్టు చెప్పారు. వీరిలో 9 మంది దుకాణం నడపడానికి మనుషుల కొరత ఉందన్నారు. మామిడి సీజన్‌లోనే అమ్మకాలు ఎక్కువగా ఉంటాయని 22 మంది తెలిపారు.' దీని కింద ఆయన కోట్ పెట్టండి. ఇక్కడ ఒక్క బరువైన మాట కూడా లేదు, ఒక్క వాక్యాన్నీ ఎవరూ తప్పు పట్టలేరు.

10. చివరి దిద్దుబాటు

రాసిన రోజే దిద్దకండి, రెండు రోజులు ఆగండి. తర్వాత ఒక్కో రంగు పెన్నుతో ఒక్కో విడత చదవండి. అన్నీ ఒకేసారి వెతికితే ఏవీ దొరకవు.

- మొదటి విడత: ప్రతి అంకె పక్కన ఏడాది, హద్దు, యూనిట్ ఉన్నాయా?
- రెండో విడత: 'ఆదాయం', 'వలస', 'చిన్న', 'పట్టణం' ఎక్కడెక్కడ వచ్చాయో గుండ్రంగా చుట్టండి. పట్టికలోని అర్థంతోనే వచ్చాయా?
- మూడో విడత: 'అభివృద్ధి' అని రాసిన ప్రతిచోటా 'వృద్ధి' పెట్టి చదవండి. అర్థం చెడకపోతే 'వృద్ధి'నే ఉంచండి.
- నాలుగో విడత: ప్రతి 'వల్ల'కూ ఆధారం ఏ పేజీలో ఉందో మార్జిన్‌లో రాయండి. రాయలేకపోతే ఏడో మెట్టులోని మొదటి గడికి దించండి.
- ఐదో విడత: 'సంభవించినది', 'జరిగినది', 'చేయబడినది' లాంటి క్రియలను మామూలు క్రియలుగా మార్చండి. 'సర్వే నిర్వహించడం జరిగింది' అంటే 'సర్వే చేశాను' అనే.

ఆఖరున, కామర్స్ చదవనివాళ్లు ఎవరికైనా ఒక పేజీ ఇచ్చి పైకి చదవమనండి. వాళ్లు ఎక్కడ తడబడి వెనక్కి వెళ్లారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నా పిల్లల రిపోర్టులు ఎక్కువగా మా ఆవిడ చదువుతుంది. ఆవిడ పెట్టించిన గీతలు, తర్వాత గైడ్లు పెట్టిన గీతలు చాలాసార్లు ఒకే వాక్యాల కింద ఉంటున్నాయి.